45 అంటే.. ఏ 45?

టక్.

టార్క్ రెంచ్ చేసే ఆ చప్పుడు ఎప్పుడైనా విన్నారా? మనం పెట్టిన అంకె దగ్గరికి బోల్టు బిగుసుకోగానే చేతిలో ఏదో చిన్నగా జారినట్టయి, టక్ అంటుంది. కోడ్ రాసి రన్ కొట్టగానే టెస్టులన్నీ పచ్చగా వెలిగితే ఒక సంతోషం ఉంటుంది చూశారూ, సరిగ్గా అదే. మొన్న ఓ శనివారం మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన గ్యారేజీలో నిలబడి, వరసగా ఆ టక్ టక్‌లు వింటూ, నన్ను చూసి నేనే మురిసిపోతున్నాను.

పెద్దాయన టీ కప్పు పట్టుకుని వచ్చారు.

"ఎంతకి బిగించావు?"

"45కి. మాన్యువల్లో అదే ఉంది కదా."

ఆయన నా రెంచ్ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"ఏ 45?"

ఈ వారం కాలమ్ అంతా ఆ రెండు ముక్కల గురించే.

ఆ కారు ఏంటంటే

నేను ఇంగ్లాండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నా. ఉద్యోగం మీద వచ్చి రెండేళ్లయింది. పక్కింటాయనకి డెబ్బై దాటాయి. ఆయన దగ్గర 1971 నాటి ఎంజీబీ ఉంది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్లో ఈ కార్లు తయారయ్యాయి. మొత్తం 5 లక్షలకు పైనే. మాకు ఆ ఊరు గంట దూరం కూడా ఉండదు. అందుకే ఇక్కడ ఎండ కాసిన ఆదివారం రోడ్డెక్కితే ఒక్క ఎంజీబీ అయినా కనపడుతుంది.

ఆయన మోకాళ్లు ఇప్పుడు కిందికి వంగనివ్వడం లేదు. నాకు పాత కార్లంటే పిచ్చి. ఆయనకి చేతులు కావాలి, నాకు కారు కావాలి. అలా కుదిరింది మా స్నేహం.

ఈసారి పని ముందు చక్రాల బ్రేక్ డిస్కులు మార్చడం. పాతవి అరిగి అంచు తేలాయి. పై ఆదివారం ఆయన తొమ్మిదేళ్ల మనవరాలు వస్తోంది. తాతతో కలిసి మొదటిసారి ఆ కార్లో తిరగాలని ఆ పాప ఎప్పట్నుంచో అడుగుతోందట.

ఎంజీబీలో డిస్కు హబ్‌కి వెనకవైపు నుంచి బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ముందు క్యాలిపర్ విప్పి పక్కకి కట్టాలి. తర్వాత హబ్ మొత్తం బయటికి లాగాలి. బెంచి మీద పెట్టి పాత డిస్కు విప్పి కొత్తది బిగించాలి. బిగించాక హబ్ మళ్లీ ఇరుసు మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ బోల్టులు సులభంగా అందవు. చక్రం విప్పి చూసినా ముందుకి కనపడవు. అంటే ఇక్కడ తప్పు చేస్తే, అది మళ్లీ బయటపడేది ఎప్పుడో డిస్కులు మార్చేటప్పుడైనా కావాలి, లేదా బ్రేకు తొక్కినప్పుడైనా కావాలి.

ఒక అంకె, మూడు కొలతలు

ఆ బోల్టులకి మాన్యువల్ చెప్పే టార్క్ 40 నుంచి 45. పౌండ్ ఫుట్లు. అది బ్రిటన్ వాళ్ల పాత కొలత. అర్థం చేసుకోవడం చాలా తేలిక. ఒక అడుగు పొడవున్న పానా తీసుకోండి. దాని చివర 45 పౌండ్ల బరువు, అంటే 20 కేజీలు, వేలాడదీయండి. బోల్టు మీద పడే తిప్పుడు బలమే 45 పౌండ్ ఫుట్లు. 25 కేజీల బియ్యం బస్తా కన్నా కాస్త తక్కువ అనుకోండి.

నేను ఆన్‌లైన్‌లో కొన్న రెంచ్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న స్కేలు న్యూటన్ మీటర్లది. పౌండ్ ఫుట్ల స్కేలు వెనకవైపు సన్నగా ఉంది. నేను ముందువైపు చూసి 45 పెట్టేశాను. అదే ఒక అడుగు పానా చివర 45 న్యూటన్ మీటర్లంటే, వేలాడేది 15 కేజీలే.

ఒక పౌండ్ ఫుట్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 45 పౌండ్ ఫుట్లు కావాలంటే రెంచ్ మీద 61 పెట్టాలి. నేను పెట్టింది 45. నాలుగో వంతు తక్కువ. పైగా మన దేశంలో, జపాన్ బళ్ల పాత మాన్యువళ్లలో మూడో కొలత కూడా కనిపిస్తుంది, కేజీ మీటర్. ఒక కేజీ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. ఇదే 45 పౌండ్ ఫుట్లు అక్కడ 6.2 అవుతుంది. అంటే 45, 61, 6.2 అన్నీ ఒకటే బిగువు. యూనిట్ తీసేస్తే ఏది ఏదో దేవుడికే తెలియాలి.

మన ఫీల్డులో ఉన్నవాళ్లకి ఈ రోగం కొత్త కాదు. కాన్ఫిగ్ ఫైల్లో "టైమవుట్ 30" అని ఉంటుంది. రాసినవాడు సెకన్లు అనుకున్నాడు, చదివిన ప్రోగ్రామ్ మిల్లీ సెకన్లు అనుకుంది. రాత్రి రెండింటికి మనకి ఫోన్. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి నాశనమవడానికి కారణం కూడా ఇదే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలు ఇచ్చింది. తీసుకున్నవాళ్లు న్యూటన్ల లెక్క అనుకున్నారు. కాలేజీలో ఈ కథ విని నవ్వుకున్నాం. ఇప్పుడు నా చేతిలోనే జరిగింది.

ఏమైతేనేం, పెద్దాయన పట్టుకున్నారు. రెంచ్ 61కి మార్చి మళ్లీ వరసగా బిగించాను. టక్, టక్. సమస్య తీరిపోయిందనుకున్నా.

అసలు సమస్య అప్పుడే మొదలైంది.

నాన్న అడిగిన ప్రశ్న

మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్లు లారీల షెడ్డులో మెకానిక్‌గా చేశారు. నేను ఇక్కడ కారు పని చేస్తున్నానంటే ఆయనకి లోపల సంతోషమే. పైకి మాత్రం "ఇందుకా నిన్ను ఇంజినీరింగ్ చదివించింది" అంటారు. డిస్కు బిగించాక ఒక ఫొటో తీసి పంపించాను. నిమిషం కాలేదు, వీడియో కాల్.

"ఒరేయ్, బోల్టు కొసలు మెరుస్తున్నాయేంట్రా?"

"నూనె రాశాను నాన్నా. తుప్పు పట్టకుండా ఉంటుందని."

"పుస్తకంలో నూనె రాయమన్నాడా?"

"లేదు."

"మరి నువ్వెందుకు రాశావ్?"

"మీరు లారీ నట్లకి రాసేవాళ్లు కదా!"

"నేను రెంచ్ పెట్టి బిగించానట్రా? చేత్తో బిగించా. నూనె రాస్తే తేలిగ్గా తిరుగుతుంది, అది చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపుతా. నీ రెంచ్‌కి అది తెలుసా?"

నా దగ్గర జవాబు లేదు. బీటెక్ రెండో ఏడాదిలో మెషీన్ డిజైన్ సబ్జెక్టులో ఈ ఫార్ములా రాసి పాసైనవాణ్ణి నేను. పరీక్ష రాసి వచ్చాక దాన్ని అక్కడే వదిలేశాను.

బోల్టు అంటే స్ప్రింగే

బోల్టుని బిగించినప్పుడు నిజంగా ఏం జరుగుతుంది? అది సాగుతుంది. కంటికి కనపడనంత, కానీ సాగుతుంది. సాగిన రబ్బరు బ్యాండు వెనక్కి లాగినట్టు, సాగిన బోల్టు డిస్కునీ హబ్‌నీ ఒకదానికొకటి నొక్కి పట్టుకుంటుంది. మనకి కావలసింది ఆ నొక్కుడు బలం. టార్క్ మనకి నేరుగా అక్కర్లేదు. కానీ బోల్టు ఎంత సాగిందో గ్యారేజీలో కొలవడం కష్టం కాబట్టి, ఎంత గట్టిగా తిప్పామో కొలిచి, దాన్నిబట్టి సాగుదలని అంచనా వేస్తాం.

ఆ అంచనాలో చిక్కు ఉంది. మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. చివరికి బోల్టుని సాగదీసేది పదో వంతు మాత్రమే. అంటే రెంచ్ కొలిచేదాంట్లో తొంభై శాతం రాపిడి! ఆ రాపిడిని నూనె కాస్త తగ్గించినా, మిగిలినదంతా బోల్టుని సాగదీయడానికే వెళ్తుంది.

లెక్క చూద్దాం. ఫార్ములా సింపుల్. టార్క్ అంటే మూడింటి లబ్ధం: రాపిడి అంకె, బోల్టు వ్యాసం, నొక్కుడు బలం. పుస్తకాల్లో పొడి మరకి రాపిడి అంకె సుమారు 0.2 అని, నూనె రాసిన మరకి సుమారు 0.15 అని తీసుకుంటారు.

10 మిల్లీమీటర్ల బోల్టు ఉందనుకోండి. తల మీద 8.8 అని ఉంటుంది, చాలా బళ్లలో వాడే గ్రేడు. 50 న్యూటన్ మీటర్లకి పొడిగా బిగిస్తే నొక్కుడు బలం 25 వేల న్యూటన్లు. రెండున్నర టన్నులు! వేలంత బోల్టు ఒక్కటి అంత బరువుతో నొక్కుతుంది. అదే 50కి నూనె రాసి బిగిస్తే 33 వేలు దాటుతుంది. ఆ బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకోగల హద్దు కూడా ఇంచుమించు అంతే. రెంచ్ మీద అంకె మారలేదు, టక్ కూడా అలాగే వినపడింది. బోల్టు మాత్రం చావు అంచుకి వెళ్లింది.

ఇప్పుడు నా తప్పుల లెక్క. మాన్యువల్ కోరింది 61, పొడి మర మీద. 61ని 0.2తో భాగిస్తే 305. నేను మొదట బిగించింది 45, నూనె మర మీద. 45ని 0.15తో భాగిస్తే 300.

చూశారా? దాదాపు సమానం! యూనిట్ తప్పు బిగువుని తగ్గించింది, నూనె తప్పు పెంచింది. రెండు బగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నేను తెలియకుండానే సరైన చోట ఉన్నాను. పెద్దాయన ఒక తప్పు దిద్దగానే రెండోది ఒంటరిగా మిగిలింది. 61ని 0.15తో భాగిస్తే 407. అవసరమైనదానికన్నా మూడో వంతు ఎక్కువ.

ఇలాంటి కోడ్ మీరూ చూసే ఉంటారు. రెండు తప్పులతో ఏళ్ల తరబడి బాగా నడుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒకటి ఫిక్స్ చేస్తాడు, మొత్తం కూలిపోతుంది.

తక్కువైతే ఏంటి, ఎక్కువైతే ఏంటి

బ్రేకు వేసినప్పుడు ప్యాడ్‌లు డిస్కుని పట్టుకుంటాయి. డిస్కు హబ్‌ని ఆపాలి, హబ్ చక్రాన్ని ఆపాలి. డిస్కు నుంచి హబ్‌కి ఆ బలం ఎలా వెళ్తుంది? బోల్టులు అడ్డుపడి ఆపుతాయని నేనూ అనుకునేవాణ్ణి. సరిగ్గా బిగించిన జాయింట్‌లో ఆ పని చేసేది రెండు ముఖాల మధ్య రాపిడి. బోల్టులు వాటిని గట్టిగా నొక్కి ఉంచుతాయి, అవి జారవు.

బిగువు తక్కువైతే ముఖాలు కొద్దికొద్దిగా జారతాయి. అప్పుడు అడ్డం దెబ్బ నేరుగా బోల్టు మీద పడుతుంది. ప్రతి బ్రేకుకీ ఒక దెబ్బ. తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టు, వేల దెబ్బల తర్వాత బోల్టు అలిసిపోతుంది, లేదంటే వదులవుతుంది.

ఎక్కువైతే బోల్టు హద్దు దాటి సాగి, మళ్లీ వెనక్కి రాదు. సాగిన రబ్బరు బ్యాండు వదులైనట్టే, దానిలో పట్టు పోతుంది. కొన్ని అప్పటికప్పుడే తెగుతాయి. అవి నయం, కనీసం మనకి తెలుస్తుంది. తెగకుండా మిగిలినవే ప్రమాదం.

ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే ఇంకో గొడవ. డిస్కు సమంగా కూర్చోదు. తిరిగేటప్పుడు పక్కకి ఊగుతుంది. చాలా కార్లలో ఆ ఊగుడు మిల్లీమీటర్‌లో పదో వంతు దాటకూడదు. దాటితే బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. హబ్ ముఖం మీద చిన్న తుప్పు పెచ్చు మిగిలినా ఇదే జరుగుతుంది. డిస్కు వంకర అని దాన్ని పారేసి కొత్తది కొనేవాళ్లలో, అసలు తప్పు ఆ పెచ్చుదని తెలియనివాళ్లు ఎందరో.

డిడ్‌కాట్ పైన ఆకాశంలో

నూనె సంగతి విని పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ బోల్టులన్నీ విప్పించి డబ్బాలో వేశారు. హద్దు దాటాయో లేదో తెలియని బోల్టు బ్రేకులో ఉండకూడదు, అంతే. కొత్తవి ఆర్డర్ పెడదాం అన్నారు.

"మీ అలమరలో ఇన్ని బోల్టులున్నాయి కదా, ఇలాంటివే వెతుకుతాను" అన్నాను. అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పారు. ఇంటికొచ్చి చదివాను, నిజమే.

1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకి వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం, ఫ్లైట్ 5390. పదిహేడు వేల అడుగుల పైన, డిడ్‌కాట్ అనే ఊరి మీద ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. ఈ డిడ్‌కాట్ ఎంజీబీ పుట్టిన ఆబింగ్డన్ పక్క ఊరే. కెప్టెన్ సగం శరీరం విమానం బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన్ని లోపల్నుంచి గట్టిగా పట్టుకునే ఉన్నారు. కో పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు, ప్రయాణికులందరూ క్షేమం.

ఆ అద్దాన్ని అంతకు ముందు రోజే మార్చారు. దానికున్న 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సినదానికన్నా తక్కువ. ఎంత తక్కువ? 0.66 మిల్లీమీటర్లు. మిగతా ఆరూ పొడవు చాలనివి. మార్చిన వ్యక్తి అనుభవం లేనివాడేం కాదు. పాత బోల్టు చేతిలో పట్టుకుని, స్టోర్లో అలాంటిదే కంటితో చూసి ఎంచుకున్నాడు.

పాత ఇంగ్లీషు కార్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. వాటి మరలు అంగుళాల లెక్కవి. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చాలావరకు మిల్లీమీటర్లవి. 5/16 అంగుళాల బోల్టు 7.9 మిల్లీమీటర్లు. దాని పక్కన 8 మిల్లీమీటర్ల బోల్టు పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మర చుట్లు మాత్రం వేరు. ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే రెంచ్ "టక్" అనే అంటుంది. మర చెడి బిగుసుకుందో, సరిగ్గా బిగిసిందో దానికి తేడా తెలియదు.

మీ చేతిలో పానా ఉంటే

మీలో చాలామందికి ఎంజీబీ ఉండకపోవచ్చు. కానీ డిస్క్ బ్రేక్ ఉన్న బైకో, నాన్నగారి పాత కారో ఉండే ఉంటుంది. బ్రేకు పని కొత్తయితే మీరు ఒక్కరే చేయకండి, తెలిసిన మెకానిక్ పక్కన ఉండగా నేర్చుకోండి. ఆయన చేస్తున్నా సరే, ఇవి గుర్తుంచుకుని అడగొచ్చు.

మొదట, ఏ బోల్టో తేల్చుకోండి. డిస్కుని హబ్‌కి బిగించేవి వేరు, క్యాలిపర్‌ని పట్టుకునేవి వేరు, చక్రం నట్లు వేరు. ఎంజీబీలో మొదటి రెండింటికీ 40 నుంచి 45 పౌండ్ ఫుట్లే, మామూలు చక్రాల నట్లకి 60 నుంచి 65. వేరే కారుకి ఇవేవీ పనికిరావు. కొన్ని కార్లలో డిస్కు మీద ఒక చిన్న స్క్రూ మాత్రమే కనిపిస్తుంది. అది చక్రం పెట్టేదాకా డిస్కు కదలకుండా ఉండటానికే. అక్కడ అసలు బిగింపు చక్రం నట్లది. ఆ చిన్న స్క్రూ మీద పెద్ద అంకె ప్రయోగిస్తే తల ఊడి చేతికొస్తుంది.

రెండు, మీ బండి మోడల్, సంవత్సరం చూసి సర్వీస్ మాన్యువల్లో అంకె తీసుకోండి. పక్కన యూనిట్ కూడా రాసుకోండి. రెంచ్ మీద అదే స్కేలు చూస్తున్నారా అని ఇంకోసారి చూడండి.

మూడు, మర సంగతి. మాన్యువల్ ప్రత్యేకంగా నూనె అనో, మర జిగురు అనో చెప్పకపోతే శుభ్రంగా, పొడిగా ఉండాలని అర్థం. చాలా బైకుల డిస్కు బోల్టులకి కంపెనీలోనే మర జిగురు పూసి ఇస్తారు. విప్పాక పాత జిగురు మీదే మళ్లీ బిగించకండి. కొత్త బోల్టు వేయాలో, శుభ్రం చేసి మళ్లీ పూయాలో మాన్యువల్ చెబుతుంది.

నాలుగు, డిస్కు కూర్చునే ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్ది తుప్పు తీసేయండి. కొత్త డిస్కు మీద నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

అయిదు, బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించండి. తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని జంటలుగా, మొదట సగం అంకెకి, ఆ తర్వాత పూర్తి అంకెకి బిగించండి. రెంచ్‌ని నెమ్మదిగా, ఆగకుండా లాగాలి. ఒక్క టక్ చాలు. నమ్మకం కోసమని ఇంకో రెండుసార్లు టక్ అనిపిస్తే, ప్రతిసారీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది.

ఆరు, రెంచ్‌తో బోల్టులు విప్పకండి, దానికి మామూలు పానా ఉంది. పనయ్యాక స్కేలుని కనీస అంకెకి తగ్గించి పెట్టాలి. లేకపోతే లోపలి స్ప్రింగు నొక్కుకునే ఉండి, అంకె క్రమంగా తప్పుతుంది.

చివరిది, ప్రాణం మీదికొచ్చేది. కొత్త డిస్కులు, ప్యాడ్‌లు వేసేటప్పుడు క్యాలిపర్‌లోని పిస్టన్లని వెనక్కి నొక్కుతాం. బండి కదిలించే ముందు పెడల్‌ని గట్టిపడేదాకా తొక్కాలి. మర్చిపోతే మొదటి బ్రేకుకి పెడల్ నేలదాకా వెళ్తుంది.

ఇంత చేసినా మామూలు టార్క్ రెంచ్‌తో వచ్చే నొక్కుడు బలంలో పాతిక శాతం అటూ ఇటూ తేడా ఉంటుందని ఇంజినీర్లే లెక్కగడతారు. డిజైన్ చేసేవాళ్లు ఆ తేడాకి చోటు వదిలే అంకె ఇస్తారు. ఆ వదిలిన చోటుని మన నూనె డబ్బాతోనో, తప్పు స్కేలుతోనో ఖర్చు పెట్టేస్తే ఇక మిగిలేది ఏమీ ఉండదు.

పక్క సీట్లో

కొత్త బోల్టులు గురువారం వచ్చాయి. శనివారం మళ్లీ గ్యారేజీలో. ఈసారి నాన్న వీడియో కాల్లో బెంచి మీదే ఉన్నారు, ఒక గ్రీజు డబ్బాకి ఆనించి పెట్టాను. మరలు తుడిచి చూపించాను. రెంచ్ స్కేలు కెమెరా ముందు పెట్టాను. "61, న్యూటన్ మీటర్లు, పొడి" అని గట్టిగా చదివాను. ఆయన తెలుగులో, పెద్దాయన ఇంగ్లీషులో, ఇద్దరూ ఒకేసారి "ఊఁ" అన్నారు. వాళ్లిద్దరికీ నేను అనువాదం చేయాల్సిన అవసరం పెద్దగా రాలేదు. బోల్టులు చూపిస్తూ వేళ్లతోనే మాట్లాడుకున్నారు.

హబ్ ఎక్కించాం. డయల్ గేజి పెట్టి డిస్కు తిప్పి చూశాం, ఊగుడు హద్దులోనే ఉంది. పెడల్ గట్టిపడింది. నేను చేతులు తుడుచుకుంటుంటే పెద్దాయన తాళం తీసుకుని పక్క సీటు చూపించారు.

"ఎక్కు. బ్రేకు పని చేసినవాడే మొదట ఎక్కాలి. మా పాప రేపు ఎక్కుతుంది."

నిజం చెప్తున్నా, ఒక్క క్షణం కాళ్లు కదల్లేదు. ఆఫీసులో నేను రాసిన కోడ్ చెడితే ఒక పేజీ లోడ్ కాదు, రిఫ్రెష్ కొడతారు. ఇక్కడ ఆ బోల్టులకీ నాకూ మధ్య ఏమీ లేదు. ఎక్కి కూర్చున్నా. ఖాళీ రోడ్డు మీద ఆయన మొదట మెల్లగా బ్రేకు వేశారు. తర్వాత కొంచెం గట్టిగా. ఆ తర్వాత వెనక ఎవరూ లేరని అద్దంలో చూసి, బాగా గట్టిగా. కారు నిటారుగా, ఎటూ లాగకుండా ఆగింది. ఆయన ఏమీ అనలేదు, ఇంటివైపు తిప్పారు.

గ్యారేజీలో గోడకి ఒక నోటు పుస్తకం వేలాడుతుంటుంది. కారుకి చేసిన ప్రతి పనీ అందులో రాస్తారు. ఈసారి పెన్ను నాకిచ్చారు. తేదీ వేశాను. ముందు డిస్కులు కొత్తవి, బోల్టులు కొత్తవి, మర పొడి, 61 న్యూటన్ మీటర్లు, 45 పౌండ్ ఫుట్లు అని రాసి కింద సంతకం పెట్టాను. పై పేజీల్లో ఆయన రాసినవి చూశాను. ఒక్క చోట కూడా యూనిట్ లేని అంకె లేదు.

ఆదివారం పొద్దున కిటికీలోంచి చూస్తే, జుట్టుకి రుమాలు కట్టుకున్న తొమ్మిదేళ్ల పాప పక్క సీట్లో కూర్చుని చెయ్యి ఊపింది. కారు సందు చివరి దాకా వెళ్లింది. అక్కడ స్టాప్ గీత ఉంది. బ్రేక్ లైట్లు వెలిగాయి. ఆగింది. మలుపు తిరిగి వెళ్లిపోయింది.

నేను వెళ్లి కాఫీ పెట్టుకున్నా. వచ్చే వారం కలుద్దాం.